గది మనది, సొత్తు పరులది

(ఏకాదశి సత్సంగంలో చేసిన ప్రసంగ పాఠం)



ధర్మకర్తల ఆదేశం మేరకు ఈ సాయంత్రం గృహస్థధర్మాన్ని గూర్చి నాలుగు మాటలు విన్నవించడానికి నిలబడ్డాను. శాస్త్రం బోధించే అర్హత నాకు లేదు. శాస్త్రం కొంత తెలిసి కూడా తప్పినవాడిని గనుక, ఆ తప్పును చెప్పుకొనే అర్హత మాత్రం ఉన్నది.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో రాజు విచారించవలసిన తగవులను పద్దెనిమిది విధాలుగా విభజించారు. వాటిలో మొదటిది ఋణాదానం, అంటే అప్పు తీర్చకపోవడం వలన పుట్టే తగవు. రెండవది నిక్షేపం, అంటే నమ్మి ఒకరి వద్ద ఉంచిన సొత్తును గూర్చిన తగవు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదమూడవ శతాబ్దంలోనే కేతన 'విజ్ఞానేశ్వరీయం' పేర తెలుగు పద్యాలలోనికి తెచ్చాడు. ఇటువంటి వ్యవహారధర్మాలు మన భాషలోనికి వచ్చి ఏడువందల ఏండ్లు దాటింది. ఒకడు మనకు బాకీ ఉండడం ఒక వ్యవహారం. వాని వస్తువు మన ఇంట ఉండడం మరొక వ్యవహారం. మొదటిదానిని సాకుగా చూపి రెండవదానిని స్వాధీనం చేసికోవడం ఎంత సులభమో నా అనుభవం చెబుతుంది.

గోదావరి పుష్కరాలు జరిగిన మరుసటి యేడు, 2016లో, రాజమహేంద్రవరంలోని మా ఇంటి వీధిగదిలో ఒక దర్జీ అద్దెకుండేవాడు. నెమ్మదస్తుడు, ఒంటరివాడు. రెండేండ్లపాటు అద్దె తప్పలేదు. తరువాత నెలకు 1,500 రూపాయల చొప్పున ఐదు నెలలు బాకీ పడింది. ఒకనాటి ఉదయం చూస్తే గదికి తాళం ఉన్నది, మనిషి లేడు. వారం గడిచేసరికి పాలవాడు వచ్చాడు, కిరాణా కొట్టు యజమాని వచ్చాడు, వడ్డీ వ్యాపారి మనిషి కూడా వచ్చాడు. నేనే వాని బంధువునైనట్లు అందరూ నన్నే అడిగారు.

రెండు నెలలు వేచి చూచి, ఇరుగుపొరుగు వారిద్దరిని సాక్షులుగా పిలిచి తాళం తీయించాను. కుట్టుమిషను, ఇస్త్రీపెట్టె, చాప, కొద్దిపాటి వంటసామాను, ఒక రేకుపెట్టె కనిపించాయి. పెట్టె నిండా కుట్టని గుడ్డలు మూటలుగా ఉన్నాయి. రెండు మూటలలో పట్టు జాకెట్టు ముక్కలు. "ఇవి అమ్మితే ఒక నెల అద్దెయినా వస్తుంది" అన్నాను. నా సహధర్మచారిణి ఒక మూట విప్పి, గుడ్డకు గుచ్చిన చీటీ చూపింది. పేరు, కొలతలు, ముందుగా ఇచ్చిన పైకం అన్నీ అందులో వ్రాసి ఉన్నాయి.

"ఇవి అతనివి కూడా కావండీ. అతని బాకీ వీళ్లెందుకు తీర్చాలి?" అన్నది.

నా వద్ద సమాధానం లేకపోయింది. మొత్తం పదిహేడు మూటలు. నెల రోజులలో పదిహేనింటిని ఎవరివి వారికి చేర్చాము.

కథ ఇక్కడ ఆపితే మీరు నన్ను మెచ్చుకొంటారు. కాని ఆపరాదు. ఆ పుణ్యం చాలుననుకొన్నానో ఏమో, పై నెలలో కుట్టుమిషనును నాలుగు వేలకు అమ్మి అద్దెబాకీ క్రింద జమ వేసికొన్నాను. అతని స్వగ్రామం చిరునామా అద్దె కాగితంలో ఉన్నది. ఒక్క ఉత్తరమైనా వ్రాయలేదు.

సంవత్సరం తిరిగాక అతడు వచ్చాడు. అప్పులవారికి భయపడి పొరుగు జిల్లాకు పోయి, ఒక దుకాణంలో కూలికి కుట్టుతున్నాడట. మూడు నెలల అద్దె రుమాలులో కట్టి తెచ్చాడు. అది నా చేతికిచ్చి, "మిషను తీసికెళ్తాను బాబుగారూ, మిగతాది కుట్టి తీర్చుకొంటాను" అన్నాడు. అమ్మివేశానని చెప్పాను. అతడు కోపగించలేదు. "మీకూ ఇబ్బందే గదా బాబుగారూ" అని, అరుగుమీద చాలాసేపు మాటలేకుండా కూర్చున్నాడు.

ఆ రాత్రి న్యాయవాది అయిన ఒక మిత్రునికి చెప్పుకొన్నాను. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం, కోర్టు డిక్రీ ఉన్నప్పటికీ వృత్తిపనివాని పనిముట్లను జప్తు చేయరాదని ఆయన చెప్పాడు. న్యాయస్థానమే ముట్టని వస్తువును నేను అమ్ముకొన్నాను. మిషను పోతే పని పోతుంది, పని పోతే బాకీ తీర్చే దారి కూడా పోతుంది. ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు.

మరునాడు అతనిని వెంటబెట్టుకొని వెళ్లి ఒక పాత మిషను కొనిచ్చాను. 5,800 రూపాయలైంది. నేను అమ్మిన వెలకంటె ఎక్కువైన 1,800 నా తప్పుకు నేను కట్టిన దండుగ. అద్దె మాత్రం మాఫీ చేయలేదు, అతడూ అడగలేదు. నా తప్పు వలన అతని బాకీ చెల్లిపోదు. మిగిలిన 3,000 రూపాయలు ఎనిమిది నెలలలో తీర్చాడు. పాలవాని బాకీ అంతకు ముందే తీర్చాడని తరువాత తెలిసింది.

అద్దెకు గదులిచ్చే గృహస్థులకు నా మనవి ఇది. ఉన్నవాడు చెప్పకుండా వెళితే తొందరపడవద్దు. పోలీసు స్టేషనులో వ్రాతపూర్వకంగా తెలపండి. సాక్షుల ఎదుట జాబితా వ్రాయించి సంతకాలు తీసికొనండి. స్వగ్రామానికి ఉత్తరం పంపండి. వస్తువులలో ఇతరులవేవో ముందుగా విచారించండి. అద్దెబాకీకి దావా వేయడానికి చట్టం మూడేండ్ల గడువు ఇచ్చింది. కావలసినవారు ఆ దారిన వెళ్లవచ్చు. మన బాకీకి మనమే తీర్పరులమై, మనమే అమీనులము కారాదు.

మిగిలిన రెండు మూటలలో ఒకదానిని అతడే చేర్చాడు. రెండవదాని సొంతదారులు ఊరు విడిచి వెళ్లారు. ఆ పట్టుముక్క ఈనాటికీ మా బీరువాలో ఉన్నది. ఏటా ఒకసారి నీడన ఆరవేసి, కర్పూరపుబిళ్ల మార్చి, చీటీతో సహా మళ్లీ మడతపెడుతుంటాము. అది మాది కాదు.

స్వస్తి.