యజమాని కాదన్నంత మాత్రాన హక్కు పోదు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం కాగానే చట్టాన్ని గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యవర్గంవారు కోరారు. ఉగాది పచ్చడి రుచి ఇంకా నాలుకమీద ఉండగా కోర్టు మాటలెవరికి రుచిస్తాయని సందేహించాను. కాని ఈ ఏడు పరాభవ నామ సంవత్సరం. మన కార్మికులు తెలియక పొందుతున్న పరాభవం ఒకటి ఉన్నది. తెలుసుకుంటే దానిని చాలావరకు తప్పించుకోవచ్చును. అందుచేత సాహసిస్తున్నాను.

మనవారు ఈ మహారాష్ట్రకు వచ్చి తరాలు గడిచినవి. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాలనుంచి వచ్చిన పద్మశాలీలు షోలాపురంలోను, భివండీలోను మగ్గాలు నడిపారు. పాలమూరు కూలీలు ముంబయిలో మేడలు కట్టారు. మరమగ్గం దగ్గర నాడె ఎగిరి కంటికి తగలవచ్చు. యంత్రంలో వేలు పడవచ్చు. పరంజామీదనుంచి మనిషి జారవచ్చు. అటువంటప్పుడు సేఠు ఆసుపత్రి ఖర్చుకు కొంత ఇచ్చి, తరువాత "ఇక నాకేమీ సంబంధం లేదు" అంటాడు. ఇంటికి వచ్చినవాడు "అడిగాము, కాదన్నారు, మన ఖర్మ" అని కూర్చుంటాడు. నేను చెప్పదలచినదల్లా ఒక్కటే. కాదన్నది యజమాని. అది తీర్పు కాదు. తీర్పు చెప్పేవాడు వేరే ఉన్నాడు.

ఈ హక్కు కొత్తది కాదు. కార్మిక నష్టపరిహార చట్టం 1923లో వచ్చింది. 1924 జులై 1 నుంచి అమలైంది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చింది. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదానికి అప్పుడే పుట్టిన హక్కు, చట్టం మారినందువల్ల చచ్చిపోదు. మునుపు కమిషనరు అని పిలిచిన అధికారిని స్మృతిలో సమర్థాధికారి అన్నారు. పేరు మారినా పని అదే.

ఇక యజమానులు చెప్పే కారణాలు చూడండి. మొదటిది, "వాడు నా మనిషి కాదు, మేస్త్రీ తెచ్చిన మనిషి". తన వ్యాపారపు పనిని కాంట్రాక్టరుచేత చేయించినా, ఆ కూలీకి పరిహారమిచ్చే బాధ్యత అసలు యజమానిమీద ఉన్నది. ఇచ్చిన తరువాత ఆయన కాంట్రాక్టరువద్ద రాబట్టుకోవచ్చు. అది వారిద్దరి తగవు.

రెండవది, "వాడి అజాగ్రత్తవల్లనే జరిగింది". ఊరికే అజాగ్రత్త అనేది జవాబు కాదు. మత్తులో ఉన్నాడనో, భద్రతకోసం స్పష్టంగా ఇచ్చిన ఆజ్ఞను కావాలని ధిక్కరించాడనో, యంత్రానికున్న రక్షణను కావాలని తొలగించాడనో, ప్రమాదానికి అదే కారణమని కూడా రుజువు చేయాలి. మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైనా, ఈ సాకులు కూడా చెల్లవు.

మూడవది, "పనికి వచ్చే దారిలో జరిగింది, కార్ఖానాలో కాదు". ఇంటినుంచి పనికి వచ్చేటప్పుడు, పనినుంచి ఇంటికి పోయేటప్పుడు జరిగిన ప్రమాదానికి కాలము, స్థలము, పరిస్థితులను బట్టి ఉద్యోగంతో సంబంధం కనిపిస్తే, అదీ పనిలో జరిగినట్లే లెక్కించాలని కొత్త స్మృతి చెబుతున్నది.

ఒడిశాలో జరిగిన వ్యాజ్యమొకటి ఇక్కడ చెప్పాలి. 1968లో ఒక వడ్రంగి, సినిమా హాలులో నగిషీ పని చేస్తూ కిందపడ్డాడు. ఎడమ చేయి తీసివేయవలసి వచ్చింది. నోటీసు ఇస్తే యజమాని, అతడు తన ఉద్యోగి కాడనీ, తప్పంతా అతడిదేననీ జవాబిచ్చాడు. కమిషనరు ఆ మాట నమ్మలేదు. ఒంటిచేత్తో వడ్రంగం చేయడం సాధ్యం కాదు కనుక ఇది సంపూర్ణ అశక్తతేనని 9,800 రూపాయల పరిహారము, పైన జరిమానా, వడ్డీ విధించాడు. యజమాని సుప్రీంకోర్టుదాకా వెళ్ళాడు. 1975లో ఆ కోర్టు కమిషనరు మాటనే నిలబెట్టింది. పరిహారం ప్రమాదం జరిగిన నాడే బాకీ పడుతుందని కూడా చెప్పింది. పోయినది చెయ్యి ఒకటే అయినా, చేసే పనిని బట్టి నష్టం చూడాలన్నది ఇందులోని సారం.

లెక్క ఎట్లా కడతారో కూడా వినండి. నలభై ఏళ్ళ మనిషి, నెలజీతం 10,000 రూపాయలు, బొటనవేలు పోయింది. జీతంలో నూటికి అరవై, అనగా 6,000. దానిని ఆ వయసుకు పట్టికలో ఉన్న 184.17తో హెచ్చిస్తే 11,05,020. బొటనవేలికి నూటికి ముప్పై కనుక 3,31,506 రూపాయలు. ఈ లెక్క తెలియనివాడు సేఠు చేతిలో పెట్టిన ఇరవై వేలు మహాప్రసాదమనుకుంటాడు. నెలలోగా చెల్లించకపోతే ఏటికి నూటికి 12 చొప్పున వడ్డీ, సరైన కారణం లేకుంటే సగందాకా జరిమానా కూడా పడవచ్చును. మరణం సంభవిస్తే పరిహారాన్ని అధికారివద్దనే జమ కట్టాలి. నాలుగు గోడలమధ్య పంచుకుని "ముట్టింది" అని వేలిముద్ర వేయించుకుంటే బాధ్యత తీరదు.

దరఖాస్తు పెట్టడానికి గడువు రెండేళ్ళు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ఉన్నది గాని, దానిమీద ఆశ పెట్టుకోవద్దు. వలస వచ్చిన మనకు ముఖ్యమైన సంగతి మరొకటి. ప్రమాదం జరిగిన చోటనే దరఖాస్తు పెట్టనక్కరలేదు. హక్కుదారు సాధారణంగా నివసించే చోట కూడా పెట్టవచ్చు. భర్తను పోగొట్టుకుని పిల్లలతో కరీంనగరం చేరిన చెల్లెలు వాయిదాకొకసారి భివండీ రైలెక్కనక్కరలేదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. అధికారి దరఖాస్తును కొట్టివేస్తే హైకోర్టుకు అప్పీలు ఉన్నది. గడువు అరవై రోజులు. కాని ఆ అప్పీలు చట్టానికి సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న ఉంటేనే నిలుస్తుంది. ప్రమాదం జరిగిందా, జీతమెంత, అతడు అక్కడ పనిచేశాడా అనే వాస్తవాలమీద కింది అధికారి నిర్ణయమే చివరిదని కర్ణాటక రవాణా సంస్థ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. అసలు సాక్ష్యమే లేకుండా నిర్ణయించారనో, ఉన్న సాక్ష్యాన్ని చూడనే లేదనో, చట్టాన్ని తప్పుగా అన్వయించారనో చూపగలిగితే హైకోర్టు వింటుంది. "సాక్షి ఇప్పుడు దొరికాడు" అంటే సాధారణంగా వినదు. కావున అప్పీలులో గెలవదలచినవాడు మొదటి మెట్టుమీదనే బలం కూడగట్టుకోవాలి.

ఆ బలం ఎక్కడ దొరుకుతుంది? మొదట ఆసుపత్రి కాగితంలో. డాక్టరు "ఎట్లా తగిలింది" అని అడిగినప్పుడు వెంట వచ్చిన గుమాస్తా "ఇంట్లో మెట్లమీద జారాడు" అని రాయిస్తే, ఏడాది తరువాత ఆ ఒక్క వాక్యం మనకు అడ్డుపడుతుంది. మగ్గంమీద జరిగితే మగ్గం అని, పరంజామీద జరిగితే పరంజా అని రాయించండి. నియామకపు ఉత్తరువు మనవారిలో చాలామందికి ఉండదు. హాజరు చీటీ, కూలి లెక్కల పుస్తకం, ఫోనులో వచ్చిన జీతపు జమ, పక్క మగ్గం మీది మనిషి సాక్ష్యం, ఇవే మన ఉత్తరువులు. యజమానికి నోటీసు రాతపూర్వకంగా, రశీదు వచ్చే తపాలాలో పంపండి. ఆయన తన ఖర్చుతో డాక్టరుచేత పరీక్ష చేయిస్తానంటే నిరాకరించవద్దు. నిరాకరిస్తే హక్కు ఆగిపోతుంది. మన డాక్టరు ధ్రువపత్రంలో గాయం పేరేగాక, సంపాదన శక్తి నూటికెంత తగ్గిందో కూడా ఉండాలి.

పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే కార్ఖానాలలో ఈ.ఎస్.ఐ. బీమా ఉన్నవారి దారి వేరు. వారికి అశక్తతా భృతి ఆ సంస్థనుంచే వస్తుంది. యజమానిమీద విడిగా ఈ పరిహారం అడగడానికి వీలులేదు. వైద్యమండలి శాతం తక్కువ వేసిందనిపిస్తే, వైద్య అప్పీలు ట్రిబ్యునలుకు గాని, ఉద్యోగుల బీమా కోర్టుకు గాని పోవచ్చును. నిర్ణయం చేతికందిన రోజే గడువెంతో అడిగి రాసుకోండి.

వకీలుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. ప్రతి జిల్లాలోను ఆ సంస్థ ఉన్నది.

చివరగా సంఘంవారికి ఒక మనవి. మనం ఏటా కవి సమ్మేళనం పెట్టుకుంటున్నాము, పిల్లలకు బహుమతులిస్తున్నాము, సంతోషం. దానితోబాటు ఆదివారం ఒక పూట, మరాఠీ, తెలుగు రెండూ రాయగల ఇద్దరు యువకులను సంఘం గదిలో కూర్చోబెట్టండి. దెబ్బ తగిలినవాడు వస్తే తేదీ, స్థలం, సాక్షుల పేర్లు రాసిపెట్టి, నోటీసు వేయించి, న్యాయసహాయ కార్యాలయానికి చీటీ ఇచ్చి పంపాలి. ఖర్చు ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక పుస్తకం. దానివల్ల రెండేళ్ళ గడువు చేజారకుండా ఒక్క కుటుంబం నిలబడినా, మన సంఘం పెట్టినందుకు ఫలితం దక్కినట్లే.