గిన్నె లోపలి తెలుపు



మా పక్కింటావిడ కొడుకు పారిస్‌లో ఉద్యోగం చేస్తాడు. మొన్న సంక్రాంతికి వస్తూ అమ్మకో రాగి గిన్నె పట్టుకొచ్చాడు. బయట ఎరుపు, లోపల తెలుపు, పట్టుకోవడానికి ఇనప కాడ. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత డబ్బు పోసి కొన్నావా నాయనా! మీ నాయనమ్మ డేగిసాకి కళాయి వేయిస్తే ఇదే కదా" అన్నారు. ఆవిడ మాట నిజం.

ఫ్రాన్సులో నార్మండీ సీమలో విల్‌ద్యో-లె-ప్వాల్ అని ఓ ఊరుంది. పేరులోనే మూకుళ్లున్న ఊరు. తరతరాలుగా అక్కడ రాగి పాత్రలు చేస్తున్నారు. వాళ్లు గిన్నె లోపల పూసేదీ, మన కృష్ణా డెల్టా ఊళ్లలో వీధివీధీ తిరిగి కళాయి వేసినవాళ్లు పూసిందీ ఒక్కటే: తగరం. గిన్నెను బాగా కాల్చి, నవాసాగరం పొడి చల్లి, తగరం ఆనిస్తే కరుగుతుంది. వెంటనే దూదితో తుడిస్తే ఎర్రటి గిన్నె తెల్లబడుతుంది.

రాగిలో వేడి స్టీలులో కన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా పాకుతుంది. అడుగంతా ఒక్క తీరుగా కాగుతుంది కాబట్టి పరమాన్నం ఓ పక్క మాడి ఓ పక్క పచ్చిగా ఉండదు. మరి తగరం దేనికి? చింతపండుతో తోమితే రాగి చెంబు తళతళలాడుతుంది కదా. పులుపు రాగి పైపొరను కరిగించి తీసుకుపోతుంది. బయట జరిగితే అది శుభ్రం. లోపల జరిగితే, ఆ రాగి మన గోంగూర పులుసులో కలిసినట్టే. మోతాదు మించితే వికారం, వాంతులు, కడుపునొప్పి.

పులుపు లేని పాలకు భయం లేదనుకోకండి. పాలలోని మాంసకృత్తులు రాగిని పట్టుకుంటాయి. పుణె ప్రాంతంలో కాలేయం చెడిన పసిపిల్లలను పరిశీలించిన వైద్యులు 1983లో ఓ సంగతి బయటపెట్టారు: ఆ పిల్లలకు పట్టిన పాలను కాచిందీ, నిలవ ఉంచిందీ ఇత్తడి, రాగి గిన్నెల్లో. కాబట్టి కళాయి లేని గిన్నెలో పసివాళ్ల పాలు కాచవద్దు.

మంచినీళ్ల సంగతి వేరు. రాగి బిందెలో 16 గంటలు ఉంచిన నీటిలో విరేచనాలు కలిగించే సూక్ష్మజీవులు చచ్చాయని 2012లో బెంగుళూరు పరిశోధకులు చూపించారు. నీటిలో దిగిన రాగి కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దుకు, అంటే లీటరుకు 2 మిల్లీగ్రాములకు, చాలా లోపే ఉంది. అయితే బిందెలో నీళ్లే ఉండాలి. నిమ్మరసం, మజ్జిగ పోయకూడదు. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు ఉన్నవారు ఆ నీళ్ల జోలికే పోకూడదు.

ఇక కొనేటప్పుడు. మన ఊరి కొట్లో కొన్నా, విదేశం నుంచి తెప్పించినా, కొనేముందు అయస్కాంతం ఆనించి చూడండి. గిన్నె అడుగుకు అంటుకుంటే అది ఉత్త రాగి కాదు. వంటకు రెండు మిల్లీమీటర్ల మందమైనా ఉంటే మేలు. పల్చనివి వడ్డనకు బాగుంటాయి. ఇండక్షన్ పొయ్యి మీద ఉత్త రాగి కాగదు. కళాయి వేయించే శ్రమ వద్దనుకునేవారికి లోపల స్టీలు పొర ఉన్నవీ దొరుకుతాయి.

తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. ఖాళీ గిన్నెను మంట మీద పెట్టి మరిచారా, కళాయి కారిపోతుంది. పోపులూ వేపుళ్లూ ఇనప మూకుడుకే వదిలేయండి. కలపడానికి చెక్క గరిటె, తోమడానికి మెత్తటి గుడ్డ వాడండి. ఇనప పీచు, ఇటుక పొడి లోపలికి తగలనివ్వకండి. కళాయి నల్లబడితే కంగారు లేదు, అది దాని తీరు. మళ్లీ వేయించేటప్పుడు మాత్రం సీసం కలవని తగరమే వేయమని అడగండి, దగ్గరుండి వేయించుకోండి. సీసం పిల్లల మెదడుకు చేటు.

అటక మీది గిన్నె దించిన రోజున బయటి మెరుపు కాదు, ముందు లోపల చూడండి. రూపాయి బిళ్లంత ఎరుపు కనిపించినా, కళాయి వేయించాకే పొయ్యెక్కించండి.