ఛాయాచిత్రమున ప్రసన్నవదనము



మన యిండ్లలో గోడలపై వ్రేలాడు పెద్దల పటముల నొకమాఱు పరికించి చూడుఁడు. పెక్కింటియందు పెదవులు బిగిసి, కనుబొమలు ముడివడి యుండును. ఆ పెద్దలు బ్రదికినన్నాళ్లును అట్లే యుండిరా? అరుగుమీఁదఁ గూర్చుండి కథలు చెప్పి పదిమందిని నవ్వించిన తాత, పటములో మాత్రము బోనులో నిలువఁబడిన ముద్దాయివలెఁ గనఁబడును. ఆయనను చూచి యెఱుఁగని మునిమనుమనికి ఆ పటమే తాత. కావున ఫొటో దిగునపుడు మనస్సును, దేహమును ఎట్లుంచుకొనవలయునో నేఁడు ముచ్చటించెదను.

ఈ బిగువునకుఁ బూర్వకారణ మొకటి కలదు. ఫ్రెంచి దేశస్థుఁడగు డాగెర్ కనుగొనిన ఛాయాచిత్రవిధానము 1839వ సంవత్సరమున లోకమునకు వెల్లడి యయ్యెను. తొలినాళ్లలో ఒక్క ముఖము చిత్రమునఁ బడుటకు ఎండలో సైతము నిమిషములు పట్టెడిది. తల కదలకుండుటకై వెనుక నొక యినుపకొయ్యను ఆనించెడివారు. అంతసేపు చిఱునవ్వును నిలుపుట యెవరితరము? నేఁటి కెమెరాకు లిప్తకాలము చాలును. కారణము పోయినది, బిగువు మాత్రము పోలేదు.

రెండవ కారణము భయము. ఫొటో దిగినచో ఆయుస్సు క్షీణించునని కొందఱు పెద్ద లిప్పటికిని శంకింతురు. ముఖముపైఁ బడి మరలిన వెలుతురును కెమెరా గ్రహించును. అద్దమును గ్రహించునది అదియే. అద్దము చూచుకొన్నవాని ఆయుస్సు తఱుగలేదు గదా!

మూడవది కొత్తచోటు, కొత్తమనుష్యులు. ఆఱవ నిజాము ఆస్థానమున ఛాయాచిత్రకారుఁడైన రాజా దీనదయాళు (1844–1905) హైదరాబాదులో 1892లో ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగా నొక చిత్రశాలను నెలకొల్పి, అందు స్త్రీచేతనే చిత్రములు తీయించెను. ఘోషా యాచారమే దానికి హేతువైనను, మనము గ్రహింపవలసిన నీతి వేఱొకటి కలదు. సంకోచము లేనిచోటనే ముఖము తేటపడును. కావున పట్టణపుఁ దుకాణములో దీపముల నడుమ ఉక్కిరిబిక్కిరి యగువారు ఛాయాచిత్రకారుని తమ యింటికే పిలిపించుకొనవచ్చును.

ఇఁక నవ్వు సంగతి. “తాతగారూ, కాస్త నవ్వండి” యన్నంతనే పెదవులు సాగును గాని కన్నులు నవ్వవు. భరతముని నాట్యశాస్త్రమున హాసభేదములు ఆఱు చెప్పఁబడినవి. అందు మొదటిది స్మితము: చెక్కిళ్లు ఇంచుక వికసించును, దంతములు కనఁబడవు. రెండవది హసితము: ముఖముతోఁ గూడ నేత్రములును వికసించును. ఫ్రెంచి వైద్యుఁడగు డుషేన్ 1862లోఁ బ్రకటించిన గ్రంథమున, నిజమైన సంతోషమునఁ గంటిచుట్టునున్న కండరము సంకోచించుననియు, దానిని ఇచ్ఛామాత్రమునఁ గదల్చుట దుర్లభమనియు వివరించెను. కావున నవ్వును తెచ్చిపెట్టుకొనవలదు. ప్రక్కన మనుమనినో, చిన్ననాఁటి స్నేహితునినో నిలుపుకొని మాటాడుచుండుఁడు. నవ్వు తానే వచ్చును. ముప్పది యేండ్లకుఁ బైగా ప్రతి యేఁటను బడిపిల్లల వీడ్కోలు పటములు తీయించితిని. “కదలవద్దు” అనఁగానే అందఱును కొయ్యబొమ్మ లగుదురు. వెనుకవరుసలో నెవఁడో తుమ్మును; అందఱును నవ్వుదురు. నేర్పరియైనవాఁడు ఆ క్షణముననే మీట నొక్కును.

దేహము విషయమున కొన్ని సులభోపాయములు చెప్పెదను. కుర్చీలోఁ జేరగిలఁబడక వెన్ను నిలిపి, కొంచెము ప్రక్కకుఁ దిరిగి కూర్చుండుఁడు. భుజములు ఒకమాఱు పైకెత్తి విడువుఁడు. నిండుగా గాలి పీల్చి మెల్లగా విడువుఁడు. విడుచునపుడు ముఖము సడలును. కన్నులు మూసికొని, తీయువాఁడు చెప్పినపుడు తెఱవుఁడు. చేతులు ఒడిలోనో, చేతికఱ్ఱపైనో యుండనిండు. నిత్యము కండ్లజోడు పెట్టుకొనువారు దానిని తీయవలదు. మెఱుపు పడకుండ తల నించుక వంచినఁ జాలును. గంజి బిగిసిన కొత్తబట్టలకంటె అలవాటైన ఉతికిన బట్టలే మేలు. నడిమిటెండ కనుగుంటలను నల్లపఱచును. ఉదయముననో, సాయంకాలముననో వసారాలో వెలుతురువైపు ముఖముంచి కూర్చుండుఁడు. సెల్ ఫోనుతోఁ దీయువారు మిక్కిలి దగ్గఱకు రారాదు. ముక్కు పెద్దదిగాఁ గనఁబడును. నాలుగైదడుగుల దూరము మంచిది.

పటము చేతికి వచ్చినపుడు “ఇది నేను కాను” అనిపించవచ్చును. అద్దములో మనకుఁ గనఁబడునది కుడియెడమలు తాఱుమాఱైన ముఖము. పటములోనిది లోకులు చూచు ముఖము. కావున బాగోగులు ఇంటివారి నడుగుఁడు. వారి తీర్పే ప్రమాణము.

తుద కొక్కమాట. మన పల్లెలలో పెక్కుమంది వృద్ధులు పింఛనుకో, ఆధారు కార్డుకో తప్ప ఫొటో దిగరు. అవి గుర్తింపునకై తీసినవి; ప్రసన్నతకై తీసినవి కావు. వారు పోయిన పిదప, బంధువులు వెదకి వెదకి ఆ గోరంత చిత్రమునే పెద్దది చేయించి దండ వేయుదురు. ఆ మసకముఖమునా మన వంశమువారు మనలను దలఁచుకొనవలసినది? ఓపిక యున్నపుడే, ఇంట శుభకార్యము జరిగిననాఁడు, తీరికగా ఒక పటము తీయించుకొనుఁడు. మీ యిల్లాలిని ప్రక్కనే కూర్చుండఁబెట్టుకొనుఁడు. పలు కుటుంబములలో ఆమె పటము మఱింత అరుదు. బిడ్డలకుఁ బొలముతోడను, ఇంటితోడను మీ ప్రసన్నముఖమును గూడ నిచ్చి పొండు.

సెలవు.