పీడీఎఫ్‌లో నల్ల డబ్బా కింద ఏముంది? పైథాన్‌తో యానొటేషన్లు

ఈరోజు పీడీఎఫ్ యానొటేషన్ల గురించి మాట్లాడుకుందాం. మొన్న కోహెడలో ఇంటికి పోయినప్పుడు జరిగిన ముచ్చటతో మొదలుపెడతా.

మా కాక ఫోన్‌కు వాట్సాప్ గ్రూపులో ఒక పీడీఎఫ్ వచ్చింది. రైతుల పేర్లు, సర్వే నంబర్లు, ఆధార్ నంబర్లు. ఆధార్ కాలమ్ మీద మాత్రం నల్ల డబ్బాలున్నయి. "చూసినవా, కనవడకుండ కొట్టిన్రు" అన్నడు కాక. నేను లాప్‌టాప్‌లో తెరిచి, పేజీ మొత్తం సెలెక్ట్ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసిన. పన్నెండు అంకెలూ వచ్చినయి. కాకది కూడా.

ఎందుకట్ల? పీడీఎఫ్‌లో పేజీ రాత ఒక దగ్గర ఉంటది, యానొటేషన్ల జాబితా ఇంకో దగ్గర ఉంటది. హైలైట్, స్టికీ నోట్, మనం గీసిన డబ్బా, ఇవన్నీ ఆ జాబితాలోవే. గోడ మీద రాతకు క్యాలెండర్ అడ్డం తగిలించినట్టన్నమాట. 2019 జనవరిలో అమెరికాలో పాల్ మానఫోర్ట్ లాయర్లు కోర్టులో వేసిన పీడీఎఫ్‌లో కూడా నల్ల గీతల కింది రాతను జనం కాపీ పేస్ట్ చేసి చదివేశారు. అంత పెద్ద లాయర్లకే దొరికిపోయింది, మన ఊరోళ్లను ఏమంటాం!

ఇప్పుడు కోడ్. లైబ్రరీ పేరు పైముపీడీఎఫ్. ఫైల్ ఓపెన్ చేసి, పేజీ డాట్ యానొట్స్ మీద లూప్ తిప్పితే ఏ డబ్బా ఎక్కడుందో తెలుస్తది. డిలీట్ అండర్‌స్కోర్ యానొట్ అంటే డబ్బా పోతది, రాత బయటపడతది. అంటే దాచినోళ్లు ఏమీ దాచలేదు.

నిజంగా తీసేయాలంటే రెండు మెట్లు. యాడ్ అండర్‌స్కోర్ రిడాక్ట్ అండర్‌స్కోర్ యానొట్‌తో గుర్తు పెట్టాలి, తర్వాత అప్లై అండర్‌స్కోర్ రిడాక్షన్స్ పిలవాలి. రెండోది మర్చిపోతే గుర్తే మిగులుతది, రాత అట్లనే ఉంటది. నేనూ మొదటిసారి మర్చిపోయిన, అందుకే చెప్తున్న.

నంబర్లు వెతకడానికి సెర్చ్ ఫర్ పనికిరాదు, అది రెగెక్స్ తీసుకోదు. గెట్ టెక్స్ట్‌కు "వర్డ్స్" అని ఇస్తే ఒక్కో మాటా దాని కోఆర్డినేట్లతో వస్తది. ఆధార్ నాలుగేసి అంకెల ముక్కలుగా ఉంటే మూడు వేరు వేరు మాటలుగా వస్తది. వరుసగా మూడు దొరికితే మొదటి రెండింటిని కొట్టేయండి, చివరి నాలుగంకెలు ఉంచండి. మాస్క్‌డ్ ఆధార్‌లో ఉండేది కూడా అంతే. స్కాన్ కాపీ అయితే మాటలు దొరకవు, డబ్బా కొలతలు మనమే ఇవ్వాలి. అప్పుడు బొమ్మలోని పిక్సెళ్లనే చెరిపేస్తది.

సేవ్ చేసేటప్పుడు కొత్త పేరుతో, గార్బేజ్ ఈక్వల్స్ 4 పెట్టి చేయండి. ఇంక్రిమెంటల్ సేవ్ చేస్తే పాత రాత ఫైల్ లోపలే ఉండిపోతది. తర్వాత మళ్లీ తెరిచి, కాపీ పేస్ట్ చేసి చూడండి.

ఫైల్ పెట్టినాయనకు ఫోన్ చేసి చెప్పిన. పాపం, వెంటనే డిలీట్ చేసిండు. అప్పటికే డౌన్‌లోడ్ చేసుకున్నోళ్ల ఫోన్లల్ల మాత్రం అట్లనే ఉంది. కాకకు ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టి వచ్చిన.