వెబ్‌సైటులో ఏ మాట వేయాలి?
(ములకలపల్లిలో పాల సంఘాల కార్యదర్శుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగం)



వెబ్‌సైటు ప్రారంభించినంత మాత్రాన సభ్యునికి సమాచారం అందదు. ఒక సంఘం వెబ్‌సైటుకు వ్యాసం నేనే రాశాను. డిప్లొమా చదివినవాణ్ణి గదా, "క్షీరగ్రంథి శోథ" అని శీర్షిక పెట్టాను. ఆ సంఘంలోనే ఒక సభ్యుని గేదెకు పొదుగు గట్టిపడి, పాలలో ముక్కలు పడ్డాయి. కొడుకు రాత్రి సెల్‌ఫోనులో "పొదుగువాపు" అని వెతికాడు. మా పేజీ కనపడలేదు. డాక్టరుకు చూపేసరికి నాలుగు రోజులు గడిచాయి. ఒక చన్ను ఎండిపోయింది. తప్పు నాదే.

కాబట్టి పాలు పోసేవేళ సభ్యులు ఏమని మాట్లాడుకుంటున్నారో చీటీ మీద రాసుకోండి. "పాల ధర", "వెన్న శాతం", "గాలికుంటు టీకా" - ఆ మాటలే శీర్షికలోనూ, మొదటి వాక్యంలోనూ ఉండాలి. కుర్రవాళ్లు తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాలతో కొడతారు. అదీ ఒకచోట చేర్చండి. మన మండలం 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది గాని, పెద్దవాళ్ల నోట ఇంకా ఖమ్మమే. రెండు పేర్లూ వేయండి.

పేజీ వెనుక, చదువరికి కనపడని చోట యాభై మాటలు గుప్పించి ప్రయోజనం లేదు. ఆ జాబితాను లెక్కలోకి తీసుకోవడం లేదని గూగుల్ సంస్థ 2009లోనే ప్రకటించింది.

నా శీర్షిక మార్చాను: "గేదెకు పొదుగువాపు - పాలలో ముక్కలు పడితే ఏం చేయాలి?" వచ్చే సమావేశానికి మీ చీటీలు తీసుకురండి.