బొమ్మ గీసేవారూ లెక్క కట్టేవారూ



నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. సైన్సు నా సబ్జెక్టు కాదు, చిత్రలేఖనం అసలే కాదు. అయినా ఈ రోజు ఆ రెండింటి గురించే చెబుతాను. దరఖాస్తులు ఇవ్వడానికి వచ్చే తల్లిదండ్రులు కొందరు, "వీడికి బొమ్మల పిచ్చి సార్, మీరైనా కాస్త మందలించండి" అంటుంటారు. మందలించే ముందు ఒక సంగతి వినండి.

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఫ్రాన్సిస్ పోప్ అనే ప్రొఫెసరు గాలి కాలుష్యాన్ని కొలిచే శాస్త్రజ్ఞుడు. రాబిన్ ప్రైస్ కళాకారుడు. మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉండే ధూళి కంటికి కనపడదు గదా! దాన్ని చూపించడానికి ఇద్దరూ కలిశారు. ధూళిని కొలిచే చిన్న పరికరానికి ఎల్.ఇ.డి. దీపాల వరుస తగిలించారు. ధూళి పెరిగేకొద్దీ దీపాలు వేగంగా వెలిగి ఆరుతాయి. చీకట్లో కెమెరాను చాలాసేపు తెరిచి పెట్టి, దాని ముందు ఆ దీపాలను ఊపుతూ నడుస్తారు. నడిచే మనిషి ఫొటోలో పడడు. వెలుగులు మాత్రం చుక్కలై పడతాయి. చుక్కలు ఎంత దట్టంగా ఉంటే గాలి అంత చెడ్డదని అర్థం.

మన దేశంలో ఢిల్లీలోనూ, హిమాచల్‌లోని పాలంపూర్‌లోనూ పిల్లల ఆటస్థలాల్లో ఇలా ఫొటోలు తీశారు. రెండింటికీ దూరం సుమారు 500 కిలోమీటర్లు. పాలంపూర్ కంటే ఢిల్లీలో ధూళి 12.5 రెట్లు ఎక్కువ. ఇథియోపియాలో కట్టెల పొయ్యి ఉన్న వంటింట్లో, బయటికంటే 20 రెట్ల దాకా ఎక్కువ తేలింది. కట్టెల పొయ్యి ఊదిన అమ్మలకు దీన్ని నేను వివరించనక్కర్లేదు. ఈ పని 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ అనే పెద్ద పత్రికలో అచ్చయింది.

ఇందులో నాకు నచ్చింది ఒకటుంది. ఎన్ని చుక్కలు పడాలో కళాకారుడు నిర్ణయించలేదు, కొలత నిర్ణయించింది. అందం కోసం పది చుక్కలు ఎక్కువ వేస్తే అది దొంగ వోచరు రాసినట్టే. లెడ్జరుతో టాలీ కాని బొమ్మ ఎంత బాగున్నా నేను ఒప్పుకోను.

ఇంత దూరం పోనక్కర్లేదు. బెంగళూరులో సైన్స్ గ్యాలరీ 2024 జనవరిలో సొంత భవనంలో తెరిచారు. శాస్త్రజ్ఞులూ కళాకారులూ కలిసి చేసినవి అక్కడ చూడవచ్చు. మొదటి ప్రదర్శన కార్బన్ మీద. బెంగళూరు వెళ్ళినప్పుడు మాల్‌కే కాకుండా అక్కడికీ పిల్లల్ని తీసుకుపోండి.

ఇక మన సంగతి. మన పావగడ తాలూకా బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని అందరికీ తెలుసు. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే, ఎదిగే పిల్లల పళ్ళ మీద మచ్చలు వస్తాయి, పెద్దయ్యాక కీళ్ళు బిగుస్తాయి. పరీక్ష రిపోర్టులో ఆ అంకె ఉంటుంది. కానీ కాగితం మీది అంకె చూసి బిందె పక్కన పెట్టే ఇల్లాలు ఎంతమంది? ఏ బోరుది ఏ రంగో ఊరి పటం మీద కనిపిస్తే, బడికి వెళ్ళే పిల్లవాడే "ఆ నీళ్ళొద్దమ్మా" అంటాడు.

అందుకని నాదొక కోరిక. బొమ్మలు వచ్చిన ఇద్దరూ, పి.యు.సి. సైన్సు చదివే ఇద్దరూ కలిసి నా దగ్గరికి రండి. మన అరసికెరె బోర్ల పరీక్ష రిపోర్టులు పంచాయతీలో అడుగుదాం. పటం కంప్యూటరు మీద చేసినా సరే, చార్టు మీద చేసినా సరే. ప్రింటు ఖర్చు నాది. అంకెలు సరిపోయాయో లేదో చూసే పని కూడా నాదే.