వెబ్‌సైట్‌లో ముందేం కనిపించాలి?

సొంతంగా వెబ్‌సైట్ పెట్టాలనుకునేవారు ముందు ఆలోచించేది రంగుల గురించీ, బొమ్మల గురించీ. చూడవచ్చినవారికి కావలసింది మాత్రం జవాబు.

1997లో జాకబ్ నీల్సన్ అనే నిపుణుడు చేసిన పరీక్షలో 79 శాతం మంది కొత్త పేజీని పైపైన చూసుకుంటూ పోయారు. మాట మాటా చదివినవారు 16 శాతమే. కాబట్టి అసలు సంగతి పైనే ఉండాలి. "మా సంస్థకు స్వాగతం, సుస్వాగతం" అంటూ మొదలుపెడితే చదివే ఓపిక ఎవరికుంటుంది?

బ్రిటన్ ప్రభుత్వం 2012లో గవ్.యూకే అనే సైటు తెచ్చింది. అందులో సెలవుల పేజీ తెరిస్తే, రాబోయే సెలవు ఎప్పుడో పెద్ద అక్షరాల్లో ముందే కనిపిస్తుంది. మిగతా జాబితా ఆ కింద. అలంకారం దాదాపు లేని ఆ సైటుకే 2013లో లండన్ డిజైన్ మ్యూజియం ఆ ఏటి ఉత్తమ డిజైన్ అవార్డు ఇచ్చింది.

తెలుగులో సైటు పెట్టేవారికి ఇంకో మాట. కరపత్రాన్ని ఫొటో తీసి పేజీలో అతికించకండి. పని సులువే, నిజమే. కానీ అందులోని మాటలు వెతికితే సరిగా దొరకవు, చూపు లేనివారికి ఫోన్ వాటిని సరిగా చదివి వినిపించలేదు, చిన్న తెర మీద అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. ఫోన్లూ కంప్యూటర్లూ గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాల్లో టైపు చేస్తే ఈ బాధలేవీ ఉండవు. బొమ్మ పెట్టక తప్పకపోతే, అందులో ఏముందో ఒక వాక్యంలో రాయండి.

సైటు సిద్ధమయ్యాక ఇంట్లో పెద్దవారికి ఫోన్ ఇచ్చి, మీ పనివేళలు వెతకమనండి. పక్కన ఉండి ఏమీ చెప్పకండి. వారు ఎక్కడ ఆగిపోయారో అక్కడ సరిదిద్దండి.